తంగేడు, తుమ్మెద, రెండు కాలాల నేల

చెన్నైలో ఏడాదికి సగటున 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురంలో పడేదానికి ఇది రెండున్నర రెట్లు. అయినా 2019 జూన్‌లో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ దాదాపు అడుగంటాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి తొలి నీళ్ల రైలు విల్లివాక్కం చేరింది. అంతకు మూడున్నరేళ్ల ముందే, 2015 డిసెంబరులో, ఇదే ఊళ్లో జనాన్ని పడవలెక్కించి ఇళ్ల నుంచి బయటికి తెచ్చారు.

ఉత్తర చెన్నైలోని మాధవరంలో మొక్క పెట్టాలనుకునేవారు మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఈ రెండు సంవత్సరాలనూ కలిపి. వానలో అరవై శాతం దాకా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే, ఈశాన్య రుతుపవనాల్లో, అది కూడా నాలుగైదు తుఫాను దెబ్బల్లో కురిసిపోతుంది. జనవరి వచ్చాక ఆకాశం మూతపడుతుంది. జూన్ చివర్లో సాయంత్రపు జల్లులు మొదలయ్యేదాకా చుక్క పడితే గొప్ప. నీళ్లు లేకపోవడం కాదు, నీళ్లన్నీ ఒక్కసారే రావడం ఇక్కడి చిక్కు.

మాధవరం చెరువుల నడుమ పెరిగిన ఊరు. పడమట 1876 నాటి పుళల్ జలాశయం, దగ్గర్లోనే రెట్టేరి, ఊరి పేరుతోనే ఇంకో చెరువు. పాత ఆయకట్టు పొలాల మీద కాలనీలు లేచాయి. 2011లో చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. 2018లో బస్‌స్టాండు వచ్చాక నెల్లూరు, తిరుపతి, శ్రీకాళహస్తి వెళ్లేవాళ్లందరికీ పరిచయమైంది. తెలుగువాళ్లకు ఇంకో లంకె కూడా ఉంది. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ చేసుకున్న ఒప్పందంతో మొదలై, 1996లో తమిళనాడు గడప దాటిన తెలుగుగంగ నీళ్లు కండలేరు మీదుగా పూండికి, అక్కడి నుంచి పుళల్‌కు వస్తాయి. అంటే ఉత్తర చెన్నైలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లలో శ్రీశైలం వాటా కూడా ఉంటుంది. రాయలసీమ పొలాలను దాటించి ఇంత దూరం తెచ్చిన నీళ్లను ఏప్రిల్ ఎండలో కార్పెట్ గడ్డి మీద పోయడం నాకు పాపంగానే తోస్తుంది.

నీళ్లు తక్కువ తాగే తోట అనగానే చాలామంది కంటికి ఆనేది కాక్టస్, కలబంద, తెల్ల గులకరాళ్లు. ఈ పద్ధతికి అమెరికాలో డెన్వర్ నగర నీటి సంస్థ 1981లో జెరిస్కేపింగ్ అని పేరు పెట్టింది. ఆలోచన మంచిదే. కానీ ఆ మొక్కల జాబితాలు ఎడారి అంచు ఊళ్లకు పుట్టినవి. వాటిని యథాతథంగా మాధవరంలో నాటితే మే నెల ఎండను నవ్వుతూ దాటేస్తాయి, నవంబరులో కుళ్లి చస్తాయి. నేల నీటితో నిండిపోతే వేళ్లకు ఊపిరాడదు. ఆక్సిజన్ గాలిలో పాకే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. వేరు ఉక్కిరిబిక్కిరయ్యాక బూజు పట్టడానికి నాలుగు రోజులు చాలు. అందుకే ఇక్కడ కరువును తట్టుకుంటుందా అని మాత్రమే అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. నాలుగు రోజులు కాళ్లు నీళ్లలో పెట్టుకుని నిలబడి, ఆ తర్వాత ఆరు నెలలు ఎండను ఓర్చుకోగలదా అన్నది పూర్తి ప్రశ్న.

దానికి జవాబు వేల ఏళ్ల కిందటే ఈ తీరం రాసిపెట్టుకుంది. కోరమాండల్ తీరం పొడవునా ఒకప్పుడు ఉండిన అడవిని వృక్షశాస్త్రజ్ఞులు ఉష్ణమండల పొడి సతతహరిత అడవి అంటారు. పొడి నేల, అయినా ఆకు రాల్చని చెట్లు. పొట్టిగా, దట్టంగా, దళసరి మెరుపాకులతో ఉంటాయి. పాల, నేరేడు, అల్లి, బలుసు, కలివె దీని సంతానం. చెన్నైలో దీని ముక్క గిండీలో రెండు మూడు చదరపు కిలోమీటర్లలో మిగిలింది. పెద్ద ముక్క చూడాలంటే మాధవరం నుంచి కలకత్తా రోడ్డు పట్టి ఉత్తరానికి పోవాలి. రాకెట్ల కోసం జనసంచారం కట్టడి చేయడం వల్ల శ్రీహరికోటలో ఆ అడవి చాలావరకు బతికి ఉంది. అడవిని కాపాడింది ఇస్రో అంటే వింతగా ఉంటుంది గానీ నిజం.

ఈ తీరపు మొక్కల్ని మొదటిసారి ఓపిగ్గా లెక్కకెత్తినవారిలో విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. 1776లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా చేరి, 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ అక్కడ తోట పెంచాడు. 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో 300 బొమ్మలున్నాయి. గీసింది మన చిత్రకారులే. చాలా మొక్కలకు స్థానికులు పిలిచే తెలుగు పేర్లను ఆయన అందులో రాసిపెట్టాడు. 1789 నుంచి మూడేళ్లు సామర్లకోటలో వానలు తప్పిపోవడాన్ని ఆయనే నమోదు చేశాడు. ఆ కరువు చూశాకే కరువుకు నిలిచే చెట్లు నాటాలని కంపెనీకి మొరపెట్టుకున్నాడు. ఇవాళ మనం వెతుకుతున్నది ఆయన వెతికినదే, రెండు శతాబ్దాలు ఆలస్యంగా.

ఇక అసలు సంగతికి వద్దాం. తట్టుకునే మొక్క ఉంటే చాలదు, దాని మీద ఎవరైనా వాలాలి. దీనికి తంగేడును మించిన పాఠం లేదు. బతుకమ్మ పుణ్యమా అని తెలంగాణలో తంగేడు పువ్వు తెలియనివారుండరు, ఆ రాష్ట్ర పుష్పం కూడా అదే. చెన్నై చుట్టుపక్కల బీడుల్లో, రైలు పట్టాల పక్కన అదే మొక్క పసుపుపచ్చగా నిలబడి ఉంటుంది. వేరు లోతుకు దిగుతుంది, ఎవరూ నీళ్లు పోయరు, మేక కూడా ఆశగా చూడదు.

ఒక పువ్వును వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. తేనె ఎంత వెతికినా దొరకదు. తంగేడు పువ్వు తేనె ఇవ్వదు, పుప్పొడి ఒక్కటే ఇస్తుంది. కేసరాలన్నీ ఒకే తీరుగా ఉండవు. మధ్యలో పొట్టివి, కిందికి వంగిన పొడవాటివి. పైన మరికొన్ని ఎందుకూ కొరగాని చిన్నవి. పుప్పొడి సంచి మామూలు పువ్వుల్లోలా నిలువునా చీలదు. కొసన చిన్న రంధ్రం మాత్రం ఉంటుంది, ఉప్పుడబ్బా మూతకున్న చిల్లులాగా. ఊపితేనే రాలుతుంది. ఆ ఊపేది గండుతుమ్మెద. నల్లగా, బొటనవేలి గోరు కన్నా పెద్దదిగా, నీలి మెరుపు రెక్కలతో వచ్చి పొట్టి కేసరాలను కాళ్లతో వాటేసుకుంటుంది. రెక్కలు ఆడించకుండానే ఎగిరే కండరాలను మాత్రం బిగించి వణికిస్తుంది. అప్పుడు వచ్చే మోత ఎగిరేటప్పటి మోతకన్నా హెచ్చు శ్రుతిలో ఉంటుంది, చెవి పెడితే తేడా తెలిసిపోతుంది. రంధ్రంలోంచి పొడి చిమ్ముతుంది. పొట్టి కేసరాల పొడి తుమ్మెద పిల్లల తిండికి. అదే సమయంలో పొడవాటి కేసరాల పొడి దాని ఒంటికి పక్కగా అంటుకుంటుంది, అది పక్క పువ్వుకు అందాల్సిన సరుకు. కొన్ని పువ్వుల్లో కీలం ఎడమకు, కొన్నింటిలో కుడికి వంగి ఉండటం గమనిస్తే, ఒకదాని సరుకు ఇంకోదాని కీలానికి సరిగ్గా తగిలేటట్టు అమరిక ఎలా కుదిరిందో అర్థమవుతుంది.

తేనెటీగకు ఈ వణికించే విద్య రాదు. తుమ్మెద పోయాక రాలిన పొడిని ఏరుకుంటుంది, అంతే. కాబట్టి తేనెటీగల్ని కాపాడండి అనే నినాదం ఒక్కటే పట్టుకుని పెట్టెలు తెచ్చి పెట్టుకుంటే తంగేడుకు పెద్ద ఉపకారం జరగదు. వంకాయకూ టమాటాకూ కూడా జరగదు, వాటి కేసరాలదీ ఇదే రంధ్రాల కట్టుబాటు. పెరట్లో వంగమొక్కలున్నవారు పక్కన ఒక తంగేడు పెంచుకుంటే, తంగేడుకొచ్చే తుమ్మెదలూ, నీలి చారల పొట్టతో సర్రున దూసుకొచ్చే ఒంటరి తేనెటీగలూ వంగపూలను కూడా పలకరించి పోతాయి.

ఈ పరాగ సంపర్కం విషయంలో ఒక తెలుగు విశ్వవిద్యాలయం చేసిన పని తమిళనాడులోనూ పనికొస్తుంది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య సి. సుబ్బారెడ్డి బృందం దశాబ్దాలపాటు ఏ పువ్వు మీద ఎవరు వాలుతున్నారో, వాలినవారిలో నిజంగా పని చేసేదెవరో గంటలు గంటలు కూర్చుని రాసుకుంది. మునగ మీద జ్యోతి, అట్లూరి, సుబ్బారెడ్డి 1990లో ప్రచురించిన పరిశోధన ప్రకారం మునగపూల మీద ఎన్ని రకాల పురుగులు వాలినా కాయ పట్టించడంలో పెద్ద చెయ్యి గండుతుమ్మెదలదే. అదే విశ్వవిద్యాలయంలో ఎ.జె. సాల్మన్ రాజు 2006లో కానుగ పువ్వు పేలుడు గురించి రాశారు. కానుగ పువ్వులో కేసరాలు కింది రేకుల మధ్య బిగబట్టి ఉంటాయి. తేనె కోసం తేనెటీగ నొక్కగానే ఒక్కసారిగా పైకి తన్ని దాని పొట్టకు పొడి పూస్తాయి. ఆ తన్ను ఒక్కసారికే, రెండోసారి ఉండదు. విశాఖ, చెన్నై ఒకే తీరం మీద ఉన్న ఊళ్లు. అక్కడ కానుగ కింద తెలిసింది ఇక్కడి కానుగకూ వర్తిస్తుంది. మార్చి తర్వాత మాధవరం వీధుల్లో కానుగ కింద నేల లేత ఊదారంగు పూలతో నిండిపోతుంది. ఊడ్చేవాళ్లకు విసుగే, కానీ ఎండాకాలపు తొలి విందు అక్కడే నడుస్తోందని తలెత్తి చూస్తే తెలుస్తుంది.

కానుగకు తేమ నేలా చేదు కాదు, ఉప్పు గాలీ చేదు కాదు, ఎండా చేదు కాదు. నా మాటగా చెప్పాలంటే ఈ ఊరికి ఒక్కటే చెట్టు ఎంచుకోవలసి వస్తే అదే. కాకపోతే చిన్న స్థలంలో ఇల్లు కట్టుకున్నవారు పెంచలేరు, వీధిలోనే పెంచాలి. మునగ దానికి తలకిందులు. ఎండకు వజ్రం, నీళ్లు నిలిస్తే బెండు. మాధవరంలో మునగ నాటేవారు మోకాలెత్తు దిబ్బ పోసి నాటాలి. లేకపోతే మొదటి తుఫానుకు పక్కింటి గోడ మీద పడుతుంది. చెట్లు పడటమంటే గుర్తొచ్చింది, 2016 డిసెంబరు 12న వార్దా తుఫాను వచ్చినప్పుడు నగరంలో పడ్డవాటిలో గుల్‌మొహర్, పచ్చ తురాయి వంటి పరాయి చెట్లు ఎక్కువని చాలామంది గమనించారు. నిజమే కానీ, వేరు చుట్టూ సిమెంటు పోసి గొంతు నులిమిన చెట్టు మనదైనా పడుతుంది. ఆ తప్పు చెట్టు జాతి మీదికి నెట్టకూడదు.

జిల్లేడును పెరట్లోకి రానివ్వాలంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు. వారి భయంలో సగం ఆచారం, సగం అనుభవం. పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, చిన్నపిల్లలున్న ఇంట్లో గేటు బయటే మేలు. అలా బయట ఉన్నా దాని సేవ తక్కువేమీ కాదు. జూన్‌లో కానుగ, వేప, నేరేడు పూత ముగిసి, వానలింకా రాని వారాల్లో కూడా జిల్లేడు పూస్తూనే ఉంటుంది. ఆకు మీద తెల్లటి మైనపు పూత నీటిని పోనివ్వదు. పువ్వులో పుప్పొడి పొడిగా ఉండదు, చిన్న ముద్దలుగా కొక్కేనికి తగిలించి ఉంటుంది. వాలిన పురుగు కాలికి ఆ కొక్కెం పట్టేసుకుంటుంది. చిన్న ఈగ అయితే ఇరుక్కుని చచ్చిపోవచ్చు, గండుతుమ్మెద మాత్రం ఒక్క గుంజు గుంజి మోసుకుపోతుంది.

పువ్వు సంగతి అటుంచి ఆకు కింద చూడండి. నలుపు, పసుపు, తెలుపు చారలతో, మూడు జతల నల్లటి మీసాలతో ఒక గొంగళి కనపడుతుంది. అదే నారింజ రంగు ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక. జిల్లేడు కుటుంబం ఆకు తప్ప అది మరొకటి ముట్టదు. ఆ పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుని పిట్టలకు చేదవుతుంది. తేనె ఎన్నో పూలు ఇస్తాయి, గొంగళికి మేత మాత్రం దాని మొక్క ఒక్కటే ఇస్తుంది. సీతాకోకచిలుకల తోట అని చెప్పుకునేవాటిలో చాలావాటికి ఈ లెక్క తెలియదు. లంటానా, పెంటాస్ నాటేస్తారు. రంగురంగుల సీతాకోకచిలుకలు వచ్చి తాగి పోతాయి, గుడ్డు పెట్టడానికి చోటు దొరక్క ఇంకెక్కడికో ఎగిరిపోతాయి. లంటానా అయితే పిట్టల ద్వారా గింజ అడవికెక్కి అక్కడి మొక్కల్ని తొక్కేస్తుంది. ఎంత అందంగా పూసినా దాన్ని నాటవద్దనే నేను చెబుతాను.

గొంగళుల్ని చూడటానికి అడవులు తిరగక్కర్లేదు, కరివేపాకు చెట్టు చాలు. కరివేపాకు ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించే మచ్చ ఒక్కోసారి రెట్ట కాదు, కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక పిల్లపురుగు. పెద్దదయ్యాక పచ్చబడి ఆకులో కలిసిపోతుంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ముల గ్రంథి బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది. పిల్లలకు చూపించండి, ఏ పాఠ్యపుస్తకమూ అక్కర్లేదు. రెండు రెమ్మలు దానికి వదిలేస్తే చారులో పోపుకు కొరత రాదు. తంగేడు ఆకుకూ ఇలాగే లేత ఆకుపచ్చ గొంగళులు పడతాయి, అవి తెల్లని ఎమిగ్రెంట్ సీతాకోకచిలుకలవి. బీడునేల మీద పాకే గాడిదగడప ఆకు క్రిమ్సన్ రోజ్‌కు మేత. దాని పువ్వు కంపుతో చిన్న ఈగల్ని లోపలికి రప్పించి, కిందికి వాలిన రోమాలతో వెనక్కి రానివ్వక, పొడి అంటించాక వదిలిపెడుతుంది. ఈగ కూడా పరాగ సంపర్కం చేస్తుందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అన్నట్టు, గాడిదగడపను నాటువైద్యంలో వాడతారు గానీ అందులోని ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సర్ కారకం కూడా. సీతాకోకచిలుకలకు వదిలేయండి, మీరు తాగకండి.

నర్సరీకి వెళ్తే ఇవేవీ కనిపించవు. కడియపులంక నుంచి లారీల మీద దేశమంతా వెళ్లే మొక్కల్లో ఎక్కువ భాగం కంటికి నచ్చేవి, కొనేవాళ్లు అడిగేవి. వాళ్లను తప్పు పట్టలేం, తంగేడు కావాలని అడిగినవాడిని వాళ్లు ఎన్నడైనా చూశారో లేదో. అయితే అక్కడ ఒక చూపు నేర్చుకోవచ్చు. ముద్దమందారం లాంటివి కొనేముందు ఆ ముద్ద ఎలా వచ్చిందో ఆలోచించండి. చాలావాటిలో కేసరాలు రేకులుగా మారడం వల్లే పువ్వు ముద్దవుతుంది. కేసరం లేని చోట పొడి ఉండదు, రేకుల గుబురులో తేనె ఉన్నా దారి దొరకదు. పూజకు ముద్దపూలు పెట్టుకోండి, తోటకు రేకపూలు పెంచండి. రేకమందారం మీద తేనెపిట్ట వాలుతుంది, ముద్దమందారం దాటి పోతుంది. గోడల మీద ఊదారంగులో వెలిగిపోయే కాగితంపూలూ అంతే, కరువుకు ఉక్కుపిండమే, కానీ మన తేనెటీగలకు దాని వల్ల పెద్ద లాభం లేదు.

దీన్నిబట్టి మన మొక్కలన్నీ మంచివి, పరాయివన్నీ చెడ్డవి అని గిరి గీయబోతే గడ్డిచామంతి అడ్డం వస్తుంది. అది మధ్య అమెరికా నుంచి వచ్చిన కలుపు. అయినా మాధవరంలో ఏ ఖాళీ ప్లాటులో చూసినా చిట్టి సీతాకోకచిలుకలు దాని మీదే ఉంటాయి. ఉన్నదాన్ని పీకి పారేయనక్కర్లేదు. కొత్తగా నాటేది మాత్రం మనది నాటుదాం.

పూల కాలాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఏ నెలా ఖాళీగా పోకూడదు. ఎండాకాలం మొదట్లో వేప, కానుగ, నేరేడు. ఏప్రిల్, మే నెలల్లో రేల. దాని తర్వాతి కటకట కాలానికి జిల్లేడు, తంగేడు, గోరింట. జల్లులు పడగానే వావిలి నీలిపూల కంకులు, నేల మీద తుమ్మి. తుమ్మిపూలు శివుడికి ఇష్టమంటారు, చిన్న తేనెటీగలకూ ఇష్టమే. తులసి ఏడాదంతా పూస్తుంది, కానీ మన ఇళ్లల్లో కంకి కనబడగానే తుంచేస్తాం. సగం కంకులు ఉంచండి. ఈగంత కూడా లేని కుట్టని తేనెటీగలు ఆ కంకుల మీదే పగలంతా గడుపుతాయి.

స్థలం లేదనేవారికి నల్లేరు ఉంది. గోడ పట్టుకుని పాకుతుంది, పులుసులోకి, పచ్చడిలోకి పనికొస్తుంది. దాని కాడ పగలు ఆకురంధ్రాలు మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను లోపల దాచుకుంటుంది, తెల్లారాక కిటికీలు మూసుకునే దాంతో వంట చేసుకుంటుంది. మిద్దె మీద తొట్టిలో కూడా బతుకుతుంది. తిప్పతీగ కూడా అంతే మొండిది, ఎండాకాలంలో ఆకులు రాల్చేసి కాడలోని నీటితో కాలక్షేపం చేస్తుంది.

మొక్కలు కుదిరినా నేల కుదరకపోతే అతిథులు భోంచేసి పోతారే తప్ప కాపురముండరు. మన దేశపు తేనెటీగ జాతుల్లో ఎక్కువ భాగం తుట్టెలు పెట్టవు, ఒంటరిగా నేలలో బొరియ తవ్వుకునో, పుల్లల్లోనో గుడ్లు పెడతాయి. ఇంటి చుట్టూ ఆ గోడ నుంచి ఈ గోడ దాకా పేవర్ బ్లాకులు పరిచేస్తే వాటికి తలుపు మూసినట్టే, వాన నీటికీ మూసినట్టే. 2003లో తమిళనాడులో ప్రతి ఇంటికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఆ ఇంకుడు గుంట పక్కనే రెండడుగుల వెడల్పున మట్టిని ఉత్తగా వదిలేయండి. ఎండు మునగ కొమ్మ, పాత వెదురు బొంగు ఒక మూల పడేసి ఉంచండి, గండుతుమ్మెద అందులోనే గుండ్రటి గది తొలుచుకుంటుంది. నీళ్ల గిన్నె పెట్టాలనిపిస్తే నిలిచిన నీళ్లు పెట్టవద్దు, దోమల పని చూసే కార్పొరేషన్ వాళ్లు వచ్చి గిన్నె బోర్లించి పోతారు, వాళ్లు చేసేది సరైనదే. తడి ఇసుక పళ్లెం చాలు, సీతాకోకచిలుకలకు కావలసిన ఉప్పు కూడా అందులోంచే దొరుకుతుంది. ఆర్‌ఓ యంత్రం వదిలేసే ఉప్పునీళ్లు మాత్రం మొక్కలకు రోజూ పోయకండి, ఆ పొదుపు నేలకు నష్టం.

పురుగుమందు సంగతి రెండు ముక్కల్లో. గొంగళి కోసం మొక్క నాటి, గొంగళి రాగానే మందు కొట్టడం కంటే నాటకపోవడం నయం. తప్పనిసరై వేపనూనె కొట్టాలన్నా తేనెటీగలు గూటికి చేరాక, సందెవేళ, పూలను తప్పించి కొట్టాలి.

అసలు కష్టం మొక్కల దగ్గర లేదు, ఇరుగుపొరుగు దగ్గర ఉంది. ఉత్తరేణి, తుమ్మి, తుత్తురబెండ ఉన్న పెరటిని చూసి ఎవరూ తోట అనరు, పీకించుకోలేదేమండీ అంటారు. చిల్లులు పడ్డ ఆకు జబ్బు కాదని, ఎవరో తిన్న గుర్తని చెప్పి ఒప్పించడానికి కొంతకాలం పడుతుంది. అంతవరకూ ముందు వైపు గోరింటనో అడ్డసరాన్నో కత్తిరించి కంచెలా పెంచి, వెనక అడవిని వదిలేయడం లౌక్యం.

నర్సరీలో దొరకని మొక్కల జాబితా మన ఇంట్లోనే ఏటా ఒకసారి చేతికొస్తుంది. వినాయకచవితికి తెచ్చే ఇరవై ఒక్క పత్రిలో జిల్లేడుంది, ఉత్తరేణి ఉంది, వావిలి ఉంది, జమ్మి ఉంది, రేగు ఉంది, తులసి, మారేడు, మామిడి ఉన్నాయి. వాకుడు ఉంది, దాని ఊదాపూలకు వంగపూల లాంటి రంధ్రాల కేసరాలే, దానికీ తుమ్మెదే కావాలి. విష్ణుక్రాంతం ఉంది. అన్నీ ఈ తీరానివి కావు, దేవదారు మాధవరంలో బతకదు. ఉమ్మెత్త, గన్నేరు విషమని మరచిపోకూడదు. కానీ సగానికి సగం రెండు కాలాలనూ తట్టుకునేవే. చవితినాడు ఇరవై ఒక్క రకాల ఆకు రోడ్డు పక్కన ఊరికే కోసుకొచ్చేవాళ్లు ఒకప్పుడు. ఇప్పుడు కోయంబేడు మార్కెట్‌లో కట్ట కొనుక్కుంటున్నాం. వచ్చే ఆకు ఏ చెట్టుదో కూడా చాలామందికి తెలియదు.

చవితి వచ్చేది ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో. మాధవరంలో మొక్క నాటడానికి సరైన సమయమూ అదే. ఈశాన్య వానలకు ముందు వేరు పట్టడానికి నాలుగు వారాలు దొరుకుతాయి, తర్వాత నీళ్లు ఆకాశమే పోస్తుంది. తంగేడు కాయ ఎండి గలగలలాడేటప్పుడు రోడ్డు పక్కన కోసి గింజలు తీయండి. గింజ తొక్క గట్టిది. వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టండి. కవర్లలో పెంచి పీకి నాటితే తల్లివేరు దెబ్బతింటుంది, అందుకని ఉండాల్సిన చోటే, జానెడెత్తు దిబ్బ మీద, రెండు మూడు గింజలు వేయండి. మొదటి ఎండాకాలం వారానికోసారి చెంబెడు నీళ్లు పోయండి. రెండో ఎండాకాలం మానేయండి. ఈ చవితికి పత్రి కొనేటప్పుడు వావిలి రెమ్మ, జిల్లేడు కొమ్మ చూసి పెట్టుకుని, అవి ఎక్కడ కోశారో అమ్మేవాళ్లనే అడగండి. వావిలి కొమ్మ గుచ్చితే వేరు పోసుకుంటుంది.